పిల్లల ఆసుపత్రిలో రెస్పిరేటరీ ఇన్‌ఛార్జ్ పోస్టు: ఒప్పుకోవాలా, ఎంబీఏకి పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ రెస్పిరేటరీ థెరపీ (శ్వాస చికిత్స) చేసి, హైదరాబాద్‌లో ఒక పిల్లల ఆసుపత్రిలో నాలుగేళ్లుగా పనిచేస్తోంది. ఎన్‌ఐసీయూ (నవజాత శిశువుల ఐసీయూ), పీఐసీయూ (పిల్లల ఐసీయూ) రెండూ చూసింది. ఇప్పుడు ఆ విభాగానికి ఇన్‌ఛార్జ్‌గా ఉండమంటున్నారు. జీతం పెద్దగా పెరగదట. దీనికన్నా హాస్పిటల్ మేనేజ్‌మెంట్‌లో ఎంబీఏ చేయించమని బంధువులు అంటున్నారు. అమెరికాలో ఈ కోర్సుకు మంచి డిమాండ్ అని కూడా విన్నాం. పైగా నైట్ డ్యూటీలు, పెళ్లి చేయాల్సిన వయసు. ఇప్పుడే అంత బాధ్యత మోయగలదా? మూడు దారులూ పోల్చి చెప్పండి.
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మూడు దారులు పోల్చమన్నారు గానీ, మీ ఉత్తరంలో బరువంతా "మోయగలదా" అన్న మాట మీదే ఉంది. ఇలాంటి ఉత్తరాలు తరచుగా వస్తాయి, దాదాపు అన్నీ ఆడపిల్లల తండ్రులవే. కొడుకు సాఫ్ట్‌వేర్‌లో టీమ్ లీడ్ అయ్యాడంటే ఫోన్ చేసి మరీ చెబుతారు. కూతుర్ని విభాగం చూసుకోమంటే మాత్రం మోయగలదా అని బయటివాళ్లను అడుగుతారు. నాలుగేళ్లు పక్కనుండి ఆమె పని చూసినవాళ్లు మోయగలదనే కదా ఆ పోస్టు ఇస్తామన్నది?

ఆమె ఇప్పటికే ఏం మోస్తోందో మీకు తెలిసినట్టు లేదు. కిలో బరువుతో పుట్టిన బిడ్డకు వెంటిలేటర్ ఒక్కో శ్వాసకు ఇచ్చే గాలి 4 నుంచి 6 మిల్లీలీటర్లు, అంటే ఒక టీస్పూను. వెంటిలేటర్ గొట్టాల సర్క్యూట్‌కి అవసరం లేని కనెక్టర్ ఒకటి ఎవరైనా తగిలిస్తే అందులో మిల్లీలీటరో రెండో దానికే పోతుంది, బిడ్డ రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. ఆ బిడ్డ శ్వాసనాళంలోకి వేసిన గొట్టాన్ని పెదవి దగ్గర సుమారు 7 సెంటీమీటర్ల గుర్తు దగ్గర అంటిస్తారు (బరువు కిలోల్లో, దానికి 6 కలిపితే వచ్చే లెక్క). అక్కణ్ణించి ఒక్క సెంటీమీటరు లోపలికి జారితే కుడి ఊపిరితిత్తిలోకి పోతుంది, పైకి జారితే ఊడి వస్తుంది. రోజూ ఈ కొలతల మధ్య పనిచేసే మనిషి గురించి మనం మాట్లాడుతున్నాం.

అయితే ఇన్‌ఛార్జ్ పని వేరే, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. తన చేతులతో సరిగ్గా చేయడం ఒకటి, తను లేని రాత్రి మూడింటికి కొత్తగా చేరిన కుర్రాడు కూడా అంతే సరిగ్గా చేసేలా చూడడం ఇంకొకటి.

ఉదాహరణకు హ్యూమిడిఫయర్, అంటే వెంటిలేటర్ గాలికి వేడి, తేమ పట్టించే యంత్రం. గొట్టం ద్వారా వెళ్లే గాలి 37 డిగ్రీల వేడితో, పూర్తి తేమతో బిడ్డను చేరాలి. ఆ వేడిని కొలిచే ప్రోబ్ బిడ్డకు దగ్గరగా ఉంటుంది. దాన్ని ఇంక్యుబేటర్ లోపలో, వార్మర్ (పైనుంచి వేడినిచ్చే పరికరం) కిందో వదిలేస్తే బయటి వేడికే అది వేడెక్కుతుంది. గాలి సరిపడా వేడిగా ఉందనుకుని యంత్రం హీటర్‌ని తగ్గించేస్తుంది. తెర మీద అంకె చక్కగానే ఉంటుంది, అలారం మోగదు. లోపల మాత్రం పొడిగాలి పోతుంటుంది. కఫం చిక్కబడి, తెల్లవారేసరికి 2.5 మిల్లీమీటర్ల సైజు గొట్టం మూసుకుపోతుంది. ప్రోబ్‌ని ఇంక్యుబేటర్ గోడ బయటే ఉంచి, అక్కణ్ణించి లోపలికి హీటర్ వైరు లేని చిన్న గొట్టం ముక్క వేయాలి. వార్మర్ కిందైతే ప్రోబ్ మీద వేడిని తిప్పికొట్టే కవచం అతికించాలి. ఇది మీ అమ్మాయికి తెలిసే ఉంటుంది. ఇన్‌ఛార్జ్‌గా ఆమె చేయాల్సింది, ప్రతి షిఫ్ట్ హ్యాండోవర్‌లో "ప్రోబ్ ఎక్కడుంది, ఛాంబర్‌లో నీరు ఎంతుంది, గొట్టం ఏ గుర్తు దగ్గరుంది" అన్న మూడు ప్రశ్నలు మంచం పక్కన నిలబడే అడిగించడం. కుర్చీల్లో కూర్చుని ఇచ్చే హ్యాండోవర్‌లో ఇవి బయటపడవు.

బబుల్ సీప్యాప్ (తనే శ్వాస తీసుకునే బిడ్డకు ముక్కు ద్వారా కొద్దిపాటి ఒత్తిడితో గాలి ఇచ్చే పద్ధతి) కూడా అంతే. 5 సెంటీమీటర్ల నీటి ఒత్తిడికి నీళ్ల సీసాలో గొట్టాన్ని 5 సెంటీమీటర్లు ముంచుతారు. బయటికి వచ్చే గాలిలోని తేమ నీరై ఆ సీసాలోకే కారుతుంది. ఎవరూ తీయకపోతే మట్టం పెరిగి, 5 అనుకున్న ఒత్తిడి 7 అవుతుంది. బుడగలు మాత్రం మునుపటిలాగే వస్తుంటాయి, చూసేవాళ్లకు తేడా తెలియదు. ముక్కు మధ్య గోడ నొక్కుకుపోయి ఎర్రబడుతోందా అన్నది కూడా ఎవరో ఒకరు ప్రతి షిఫ్ట్‌లో ప్రాంగ్స్ (ముక్కులో పెట్టే చిన్న గొట్టాలు) తీసి చూస్తేనే తెలుస్తుంది.

ఇక రోస్టర్, అంటే డ్యూటీల పట్టిక. ఒక్క పోస్టుని వారంలో 168 గంటలూ నింపాలంటే, మనిషికి 48 గంటల చొప్పున మూడున్నర మంది కావాలి. సెలవులు, జ్వరాలు, ట్రైనింగులు కలిపితే నాలుగున్నర. షిఫ్ట్‌కి ఇద్దరు ఉండాలంటే తొమ్మిది మంది అన్నమాట. చాలాచోట్ల ఆరుగుర్నిచ్చి సర్దుకోమంటారు. వానాకాలంలో బ్రాంకియోలైటిస్ (ఊపిరితిత్తుల్లోని సన్న గొట్టాల వాపు) పిల్లలు వరసగా వచ్చి చేరినప్పుడు ఆ సర్దుబాటు డబుల్ డ్యూటీలుగా మారుతుంది. డబుల్ డ్యూటీ చేసినవాళ్ల చేతిలోనే గొట్టాలు ఊడతాయి. అందుకే మొదటి నెల నుంచే ఒక లెక్క రాసుకోమనండి: అనుకోకుండా ఊడిన గొట్టాలు ఎన్ని, మొత్తం వెంటిలేటర్ రోజులు (ఒక్కో బిడ్డ వెంటిలేటర్ మీద ఉన్న రోజులన్నీ కలిపి) ఎన్ని. మొదటిదాన్ని రెండోదానితో భాగించి నూరుతో గుణిస్తే వచ్చే అంకె ఒకటికి లోపు ఉండేలా చూసుకోవాలి. మనుషుల్ని ఇవ్వండని మేనేజ్‌మెంట్‌ని అడిగేటప్పుడు కన్నీళ్లకంటే ఈ అంకె బాగా పనిచేస్తుంది.

ఆక్సిజన్ సంగతి ఒక్క మాట. బి-టైప్ సిలిండర్‌లో సుమారు 1,500 లీటర్లు ఉంటుంది. నిమిషానికి 20 లీటర్లు లాగే బిడ్డను సీటీ స్కాన్‌కి తీసుకెళ్తే అది గంటంపావు వస్తుంది. లిఫ్ట్ ఆగిపోవచ్చు, స్కాన్ దగ్గర వరుస ఉండొచ్చు. అవసరం అనుకున్నదానికి రెట్టింపు లేకుండా మంచం కదలకూడదని రాసి గోడకు అంటించాల్సింది ఇన్‌ఛార్జే.

ఇవేవీ ఎంబీఏ సిలబస్‌లో ఉండవు. అక్కడ నేర్పేది హాస్పిటల్ ప్లానింగ్, ఫైనాన్స్, మార్కెటింగ్, ఇన్సూరెన్స్, హెచ్‌ఆర్. చెడ్డ చదువనడం లేదు. కానీ మీ బంధువులు ఊహించే ఏసీ గది, పెద్ద కుర్చీ ఆ సర్టిఫికెట్‌తో పాటు రావు. బీడీఎస్ చేసినవాళ్లు, ఫిజియోథెరపీ, ఫార్మసీ చదివినవాళ్లు అందరూ అదే గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. రెండేళ్లు, లక్షల్లో ఫీజు పోశాక చాలామందికి దొరికే మొదటి ఉద్యోగం ఫ్లోర్ కోఆర్డినేటరో, ఇన్సూరెన్స్ డెస్కో, క్వాలిటీ ఎగ్జిక్యూటివో. మీ అమ్మాయి నాలుగేళ్ల ఐసీయూ అనుభవానికి ఆ డెస్క్ మీద విలువ లేదు. రెండేళ్లు బెడ్‌సైడ్‌కి దూరమైతే చేతి నేర్పు పోతుంది, యంత్రాలు మారిపోతాయి, మళ్లీ ఐసీయూకి రావడమూ కష్టమే. రెండు పడవల మీద కాళ్లు అంటే ఇదే. ఈ ఎంబీఏ ఫ్యాషన్‌లో నాకు నచ్చనిది ఇంకొకటుంది. చేతిపనిని తక్కువగా, కాగితపుపనిని ఎక్కువగా చూసే మన పాత అలవాటే దీని వెనక ఉంది. "ట్యూబులు పెట్టే ఉద్యోగం" అని పెళ్లిలో ఎవరో అన్నారని అమ్మాయి దారి మార్చకండి. అంత ఆసక్తే ఉంటే, విభాగాన్ని మూడేళ్లు నడిపాక ఆసుపత్రి నిర్వహణలో దూరవిద్య కోర్సు చేయవచ్చు. అప్పుడు ఆమె చదివే ప్రతి పాఠానికీ చేతిలో ఒక ఉదాహరణ ఉంటుంది. బోధన వైపు మనసుంటే ఎమ్మెస్సీ రెస్పిరేటరీ థెరపీ ఇంకా దగ్గరి దారి.

అమెరికా గురించి మీరు విన్నది సగం నిజం. డిమాండ్ ఉన్నమాట వాస్తవమే. కానీ నర్సుల దారి, ఈ దారి ఒకటి కావు. మన నర్సు ఇక్కడి డిగ్రీ పత్రాలు పరిశీలన చేయించుకుని అక్కడి నర్సింగ్ లైసెన్స్ పరీక్ష ఎన్‌క్లెక్స్ రాయవచ్చు. రెస్పిరేటరీ థెరపిస్ట్‌కి అలా కుదరదు. ఆర్‌ఆర్‌టీ (రిజిస్టర్డ్ రెస్పిరేటరీ థెరపిస్ట్) కావాలంటే అక్కడ సీఓఏఆర్‌సీ (ఈ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపున్న కాలేజీలో మళ్లీ చదివి, ఎన్‌బీఆర్‌సీ అనే పరీక్షల బోర్డు పెట్టే పరీక్షలు గట్టెక్కాలి. పిల్లల విభాగంలో నిలబడాలంటే ఎన్‌పీఎస్ అనే నవజాత, పిల్లల స్పెషాలిటీ పరీక్ష కూడా ఉపయోగపడుతుంది. అలాస్కా తప్ప ప్రతి రాష్ట్రంలోనూ లైసెన్స్ కావాలి. గ్రీన్‌కార్డ్ విషయంలో నర్సులకు, ఫిజియోథెరపిస్టులకు ఉన్న షెడ్యూల్-ఎ (మనుషుల కొరత ఉందని అక్కడి ప్రభుత్వం ముందే గుర్తించిన వృత్తుల జాబితా) వెసులుబాటు వీళ్లకు లేదు. ఏజెంట్ ఎవరైనా "ఇక్కడి డిగ్రీతోనే నేరుగా ఉద్యోగం" అంటే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. గల్ఫ్ సులువు. అక్కడ డిగ్రీ, అనుభవం డేటాఫ్లో అనే పత్రాల తనిఖీ సంస్థ ద్వారా సరిచూస్తారు, ఆ దేశపు లైసెన్స్ పరీక్ష ఉంటుంది. ఆ అనుభవ పత్రంలో "ఇన్‌ఛార్జ్" అన్న మాట ఉంటే మంచిదే కదా.

కాబట్టి పోస్టు ఒప్పుకోమనండి, ఉత్త చేతులతో మాత్రం కాదు. నాలుగు విషయాలు కాగితం మీద రావాలి. ఆమె ఎవరికి రిపోర్ట్ చేస్తుంది? పీఐసీయూ, ఎన్‌ఐసీయూ హెడ్‌కా, నర్సింగ్ సూపరింటెండెంట్‌కా? ఇది తేలకపోతే రోజూ గొడవే. షిఫ్ట్‌కి ఎంతమంది? అనుమానం వచ్చిన వెంటిలేటర్‌ని "వాడొద్దు" అని పక్కన పెట్టే అధికారం ఆమెకు ఉందా, లేక బయోమెడికల్ (యంత్రాలు చూసుకునే విభాగం) వాళ్ల సంతకం కోసం ఎదురుచూడాలా? ఫ్లో సెన్సర్లు, ఒకసారి వాడి పారేయాల్సిన సర్క్యూట్లు సరిపడా ఇండెంట్ పెడితే స్టోర్ ఇస్తుందా? ఈ చివరిదాంట్లోనే చాలామంది ఇన్‌ఛార్జ్‌లు నలిగిపోతారు. పారేయాల్సినదాన్ని కడిగి మళ్లీ వాడమని పైనుంచి నోటిమాటగా వస్తుంది, ఏదైనా జరిగితే రిజిస్టర్‌లో సంతకం ఈమెది ఉంటుంది. నోటిమాటకు జవాబుగా మెయిల్ పెట్టడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోవాలి. జీతం సంగతి ఆరు నెలల తర్వాత పైన చెప్పిన అంకెలు పెట్టుకుని మళ్లీ అడగవచ్చు. ఆ మాట కూడా లెటర్‌లో వేయించుకోవాలి.

ట్రాకియాస్టమీతో (గొంతు ముందు రంధ్రం చేసి పెట్టిన శ్వాస గొట్టంతో) ఇంటికి వెళ్లే పిల్లల తల్లులకు శిక్షణ ఇచ్చే పనిని కూడా తనే తీసుకోమనండి. మంచం దగ్గర అదే సైజు గొట్టం ఒకటి, ఒక సైజు చిన్నది ఒకటి ఎప్పుడూ ఉండాలని, మెడ తాడు కింద ఒక వేలు మాత్రమే పట్టాలని, గొట్టం మార్చడం తల్లి తన చేతులతో చేసి చూపించేదాకా డిశ్చార్జ్ వద్దని పట్టుబట్టే మనిషి ప్రతి ఆసుపత్రిలోనూ కావాలి. చాలాచోట్ల ఆ పని ఎవరిదీ కాకుండా పోతోంది.

2021లో వచ్చిన జాతీయ అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల కమిషన్ చట్టం కిందికి ఈ వృత్తి కూడా వస్తుంది. రిజిస్ట్రేషన్ కోసం మార్కుల మెమోలు, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్, అనుభవ పత్రాలు ఇప్పుడే ఒకచోట పెట్టించండి. కాలేజీ నుంచి తెచ్చుకోవాల్సినవి ఏవైనా మిగిలితే ఇన్‌ఛార్జ్ అయ్యాక తీరిక దొరకదు.

నైట్ డ్యూటీలు తగ్గుతాయి, పూర్తిగా పోవు. ఇన్‌ఛార్జ్‌కి ఎక్కువగా పగటి షిఫ్టే ఉంటుంది, ఫోన్ మాత్రం రాత్రి కూడా మోగుతుంది. పెళ్లి చూపుల్లో ఈ మాట దాచకుండా ముందే చెప్పండి. ఆ ఫోన్ మోగితే ముఖం చిట్లించే సంబంధమైతే, వద్దనే హక్కు ముందు మీ అమ్మాయికి, తర్వాత మీకు ఉంది. మీ ఉత్తరంలో ఎక్కడా ఆమె ఏమంటోందో రాయలేదు. ఆసుపత్రికి జవాబు చెప్పేలోపు ఆ ఒక్కటి అడగండి.