ఇద్దరే ఆడే ఆటలో ప్రతిసారీ ఒకడే గెలుస్తుంటే ఏం చేయాలి?

ఫ్రెండుతో వారానికోసారి చెస్ ఆడుతున్నానని, ఎప్పుడూ మీరే గెలుస్తుండటంతో అతను రావడం తగ్గించాడని, ఇద్దరికీ సరిపోయే ఆటలు చెప్పమని అడిగారు. నేను మీ ఫ్రెండ్ బాపతు, అంటే ఓడిపోయేవాణ్ణి. కాబట్టి ఆ వైపు నుంచే చెబుతాను.

మాది పాలకొల్లు దగ్గర పల్లె. గురువారం రాత్రి భోజనాలయ్యాక మా అరుగు మీద నేనూ బావా కూర్చుంటాం. చుట్టరికమేం లేదు, పిలుపంతే. బావ స్కూల్లో ఉండగా జిల్లా స్థాయిలో చెస్ ఆడినవాడు. మామూలుగా ఆడితే ఇరవై ఎత్తుల్లోపే నా పని అయిపోతుంది. అలాగని చెస్ మానలేదు, టైమ్ మార్చాం. ఆట మొత్తానికి తనకి 3 నిమిషాలు, నాకు 10. చెస్ క్లాక్ యాప్‌లు ఫోన్లో ఉచితంగానే దొరుకుతాయి. తను గడియారం చూసి కంగారు పడటం మొదలెట్టాకే నాకు ఆట మీద ఆశ పుట్టింది. క్లాక్ వద్దనుకుంటే మీరు ఒక గుర్రాన్ని పక్కన పెట్టేసి మొదలెట్టండి. జాలిపడి కావాలని ఓడిపోవద్దు. అది ఇట్టే తెలిసిపోతుంది, ఒళ్లు మండుతుంది.

మా ఇద్దరికీ నిజంగా కుదిరింది మాత్రం పులిజూదం. కొనే పని లేదు, గచ్చు మీద సుద్దముక్కతో గీసుకుంటే చాలు. మేం ఆడే పటంలో గీతలు కలిసే చోట్లు 23. పులులు 3, మేకలు 15. పులులకి గవ్వలు, మేకలకి చింతగింజలు పెడతాం. మేకల్ని ఒక్కొక్కటిగా దించాలి, పదిహేనూ దిగేదాకా ఏ మేకా కదలకూడదు. పులి మేక మీంచి దూకి అవతల ఖాళీలో పడితే ఆ మేక పోయినట్టే. మూడు పులులకీ దారి మూసేస్తే మేకలవాడు గెలిచినట్టు. ఒకాట అయ్యాక పక్షాలు మార్చుకుంటాం, ఎవరు తక్కువ మేకలు పోగొట్టుకుంటే వాళ్లది పైచేయి.

చెస్ బుర్ర పులుల వైపు బాగా పనిచేస్తుంది. మేకల వైపు కావాల్సింది ఓపిక, బావకి లేనిదే అది. ముందు అంచుల్లో దించాలి, అక్కడ మేక వెనక పులి దూకడానికి చోటుండదు. బావేమో తొందరపడి నడిమధ్యలో ఒంటరిగా ఒకటి పడేస్తాడు. “ఏంటి బావా, రొయ్యపిల్లల్లా వదిలేస్తున్నావ్” అంటే ఉడుక్కుంటాడు.

తనకి నిజంగానే రొయ్యల చెరువులున్నాయి. రాత్రిళ్లు నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగకూడదు. కరెంటు పోయిందని చెరువు కాడి నుంచి ఫోన్ వస్తే జనరేటర్ సంగతి చూడ్డానికి ఆట మధ్యలోనే లేచిపోతాడు. అందుకే అరగంట దాటే ఆటలు పెట్టుకోం. ఆగిపోయిన ఆటకి ఫోటో తీసి ఉంచుతాం.

కొనాలనుకుంటే ప్యాచ్‌వర్క్ కొనండి. 2014లో వచ్చింది, ఇద్దరి కోసమే చేసిన ఆట. గుడ్డముక్కల్లాంటి అట్టముక్కల్ని ఖాళీలు మిగలకుండా అమర్చాలి. హైవ్ అనే ఆటకి బోర్డే ఉండదు, బిళ్లలు బరువుగా ఉంటాయి, ఫ్యాన్ గాలికి ఎగరవు. కానీ అదీ చెస్ వరసే, మళ్లీ మీరే గెలుస్తారు. కటాన్ అనే ఆట గురించి అందరూ చెబుతారు గానీ మామూలు పెట్టె ముగ్గురు నలుగురికే, మీకు పనికిరాదు. కార్డులుండే ఆటైతే ప్లాస్టిక్ కవర్లు తొడగండి. మా వైపు గాలిలో తేమకి కార్డులు వంకర్లు తిరుగుతాయి. పకోడీలు కూడా ఆటకి ముందే అయిపోవాలి. నూనె మరక పడిన కార్డుని వెనక నుంచే గుర్తుపట్టేయొచ్చు, ఈ విషయంలో నేను బావని నమ్మను.

బుర్ర పనిచేయని రోజుల్లో అష్టాచెమ్మా ఉండనే ఉంది. గవ్వలు ఎవరి మాటా వినవు.

పందెం ఓడినవాడు టీ పెట్టడం వరకే. గోదావరి జిల్లాల్లో పందెం లేని ఆటా అని నవ్వేవాళ్లున్నారు, వాళ్లకి సంక్రాంతి ఉంది.

ఈ వారం మీవాణ్ణి పిలిచేటప్పుడు చెస్ బోర్డు బయటికి తీయకండి. పులిజూదం గీసి, మొదటి ఆటలో పులుల్ని అతనికే ఇవ్వండి. కొత్తవాళ్లకి ఆ వైపే తేలిక.