టెక్ సందేహాలు: స్పార్క్ ప్లగ్‌తో వ్యాక్యూమ్‌లోకి 10 కిలోవోల్టులు

ప్రశ్న: ప్లాస్మా ప్రయోగానికి ఉక్కు చాంబర్‌లోకి 10 కిలోవోల్టుల డీసీ పంపాలి. రెడీమేడ్ ఫీడ్‌త్రూ (గాలి చొరబడకుండా కరెంటును చాంబర్ గోడ దాటించే అమరిక) ధర అందుబాటులో లేక స్పార్క్ ప్లగ్ బిగించాను. గాలి లీకవుతోంది. ఏం చేయాలి?

జవాబు: ప్లగ్ మంచి ఎంపికే. దాని తెల్ల పింగాణీ అల్యూమినా, అంటే కరెంటును ఆపే సిరామిక్. ఇంజిన్‌లో క్షణకాలపు పల్స్‌లకు 20 కిలోవోల్టులు కూడా ఓర్చుకుంటుంది గానీ, ఆగకుండా వచ్చే డీసీకి 10 దగ్గరే ఆగండి. ముందు మల్టీమీటర్‌తో రెండు కొసల మధ్య చూడండి. సుమారు 5 కిలో ఓమ్‌లు చూపిస్తే అది లోపల నిరోధకం ఉన్న రెసిస్టర్ రకం. 30 మిల్లీ ఆంపియర్లు పారితే అందులో 4.5 వాట్ల వేడి పుడుతుంది, ఆ రకం వద్దు.

లీకు ఎక్కువగా రెండు చోట్ల ఉంటుంది. ప్లగ్‌తో వచ్చే వాషర్ వ్యాక్యూమ్‌కు చాలదు. అది తీసేసి, ఫ్లాంజ్‌లో (ప్లగ్ బిగించే లోహపు పలకలో) గాడి చేసి, పాతిక శాతం నొక్కుకునేలా విటాన్ రబ్బరు ఓ-రింగ్ పెట్టండి. రెండోది పింగాణీ, లోహం కలిసే అతుకు. బయటివైపు అసిటోన్‌తో తుడిచి, నిదానంగా గట్టిపడే ఎపాక్సీని చుట్టూ పూసి 24 గంటలు వదిలేయండి. పంపు నడుస్తుండగా మాత్రం పూయకండి. జిగురు లోపలికి లాక్కుపోయి సన్నటి సొరంగం మిగిలిపోతుంది.

చాలామంది మరిచిపోయేది ప్లగ్ మీది మరలు. వాటి సందుల్లో ఇరుక్కున్న గాలి గంటల తరబడి మెల్లగా చాంబర్‌లోకి వస్తూ లీకులా కనిపిస్తుంది. సన్నటి ఆకురాయితో మరల మీద నిలువునా ఒక గాడి కోస్తే సరి. వంగిన పక్క ఎలక్ట్రోడ్‌ను కూడా కోసేయండి.

పరీక్షకు, హై వోల్టేజ్ పూర్తిగా ఆపి, అతుకు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్క వేయండి. పీడనం చూపే గేజ్ ముల్లు ఒక్కసారి కదిలితే లీకు అక్కడే.

ప్రశ్న: పంపు మొదలైన కాసేపటికి 1 కిలోవోల్టుకే ప్లగ్ చుట్టూ ఊదా వెలుగు వస్తోంది. ప్లగ్ పాడైందా?

జవాబు: లేదు. పీడనాన్ని టోర్‌లలో (పీడనపు కొలత), ఎలక్ట్రోడ్ల మధ్య దూరాన్ని సెంటీమీటర్లలో తీసుకుని గుణిస్తే 0.6 దగ్గర వచ్చే చోట, గాలి సుమారు 330 వోల్టులకే కరెంటును ఆపలేక దాన్ని పారనిస్తుంది. ఆ దశ దాటి పీడనం పడ్డాకే వోల్టేజ్ పెంచండి. లోపలి తీగను ఎలక్ట్రోడ్ దాకా గాజు లేదా సిరామిక్ గొట్టంలో దాచండి. చాంబర్‌ను తప్పక ఎర్త్ చేయండి. 20 కిలోవోల్టులకు పోతే కిటికీ గాజు దాటి ఎక్స్-కిరణాలు వస్తాయి, దానికి ఈ ప్లగ్ పనికిరాదు.