డేటా సెంటర్ పక్కనే ఉంటే ఏఐ ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా ఊరికి దగ్గర్లో పెద్ద ఏఐ డేటా సెంటర్ కడుతున్నారు. మా అమ్మాయి ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. అది మానేసి ఏఐ కోర్సులో చేరితే ఆ సెంటర్‌లోనే ఉద్యోగం ఖాయమని ఒక శిక్షణ సంస్థవాళ్లు చెబితే మొదటి వాయిదా కట్టేశాను. అమ్మాయి ససేమిరా అంటోంది. పైగా ఆ సెంటర్ వస్తే ఊరికి నీళ్ల ఇబ్బంది తప్పదని వాదిస్తోంది. ఆడపిల్ల, కళ్ల ముందే ఉంటుందని నా ఆశ. ఎలక్ట్రికల్, ఏఐ రెండింటిలో ఏది మేలో పోల్చి చెప్పండి. – ఒక తండ్రి

జవాబు: మీరు అడిగింది బ్రాంచి గురించే అయినా మీ బెంగ వేరే ఉంది. చదువయ్యాక కూతురు దూరం వెళ్లిపోతుందేమోనని మీ భయం. డేటా సెంటర్ వస్తోందని తెలియగానే తల్లిదండ్రులు రాసే ఉత్తరాలన్నిటిలోనూ ఇదే బెంగ కనిపిస్తోంది. అందులో తప్పేమీ లేదు. ఆ బెంగను ఆసరా చేసుకుని మీతో ఫీజు కట్టించుకోవడం మాత్రం తప్పు.

డేటా సెంటర్ అంటే వేల కంప్యూటర్లను ఒకేచోట పెట్టి నడిపే భవనం. ఏఐ డేటా సెంటర్ అన్నారు కదా అని ఏఐ ఇంజినీర్లంతా అక్కడ కూర్చుని పనిచేస్తారనుకోకండి. ఏఐ మోడళ్లు తయారుచేసేవాళ్లు, వాటితో అప్లికేషన్లు రాసేవాళ్లు వేరే నగరాల్లో, వేరే దేశాల్లో ఉంటారు. తమ ప్రోగ్రాము నడిచే భవనాన్ని ఒక్కసారి కూడా చూడనివాళ్లే వాళ్లలో ఎక్కువ. ఇంట్లో లైటు వేసుకోవడానికి పవర్‌హౌస్ పక్కన ఇల్లు కట్టుకోనక్కర్లేదు కదా, ఇదీ అంతే. ఏఐ నేర్చుకున్నంత మాత్రాన మీ ఊరి పక్కన ఉద్యోగం రాదు. నిజానికి ఆ చదువు అమ్మాయిని ఇంకా దూరం తీసుకెళ్లే అవకాశమే ఎక్కువ.

మరి ఆ భవనంలో ఉండే పనేమిటంటే కరెంటు తేవడం, వేడిని బయటికి పంపడం. సర్వర్లు, అంటే ఆ కంప్యూటర్లు, పేర్చిన మామూలు ర్యాకు ఒకటి 5 నుంచి 10 కిలోవాట్లు వాడుతుంది. 72 జీపీయూలు (ఏఐ లెక్కలు చేసే చిప్పులు) ఉండే ఎన్‌విడియా జీబీ200 ర్యాకు ఒక్కదానికే సుమారు 120 కిలోవాట్లు కావాలి. అంత కరెంటూ చివరికి వేడిగానే మారుతుంది. గాలితో చల్లార్చడం చాలదు కాబట్టి, చిప్పుల మీద బిగించిన పలకల గుండా ద్రవాన్ని పంపి వేడిని లాగేస్తారు. ట్రాన్స్‌ఫార్మర్లు, స్విచ్‌గేర్, యూపీఎస్ బ్యాటరీలు, డీజిల్ జనరేటర్లు, నీటిని చల్లబరిచే చిల్లర్లు, పంపులు... వీటిలో చాలా భాగం మీ అమ్మాయి చదువుకే సంబంధించినవి. మీరు మాన్పించాలనుకుంటున్నది ఆ చదువునే!

అక్కడ రాత్రి షిఫ్టు ఎలా ఉంటుందో చెబుతాను. టెక్నీషియన్ బ్యాటరీ గదిలో ఉష్ణోగ్రత చూసి రాసుకుంటారు. పంపు దగ్గర ప్రెషర్ గేజి రీడింగు నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఉందేమో చూస్తారు. ఏదైనా బ్రేకర్ ఆపి మరమ్మతు చేయాలంటే ఏ పని తర్వాత ఏ పని చేయాలో ముందే రాసి ఆమోదించిన కాగితం ఉంటుంది. ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు చేస్తారు. ఒక పని పూర్తయి టిక్కు పడితేనే తర్వాతి దానికి వెళ్తారు. ఆపిన బ్రేకర్‌కు తాళం వేసి, పేరు రాసిన ట్యాగు తగిలిస్తారు. తాళం వేసినవారే దాన్ని తీయాలి. తెల్లవారేదాకా ఏఐ అన్న మాట వినిపించకపోవచ్చు, కానీ అక్కడ చేయి తడబడితే వేల జీపీయూలు ఆగిపోతాయి. ఓపిక, క్రమశిక్షణ ఉన్న పిల్లలకు అది గౌరవమైన పని.

అయితే ఎలక్ట్రికల్ చదివితే ఆ సెంటర్‌లో ఉద్యోగం ఖాయమని నేను కూడా చెప్పను. డేటా సెంటర్లు ఎక్కువగా ఉన్న అమెరికాలోని వర్జీనియాలో శాసనసభ సమీక్షా కమిషన్ 2024లో ఒక నివేదిక ఇచ్చింది. దాని ప్రకారం కట్టే రోజుల్లో పని ముమ్మరంగా ఉన్నప్పుడు ఒక్కో చోట సుమారు 1,500 మంది ఉంటారు. కట్టడం పూర్తయ్యాక, 2,50,000 చదరపు అడుగుల మామూలు డేటా సెంటర్‌లో శాశ్వతంగా ఉండేది దాదాపు 50 మంది. వాళ్లలోనూ సగం మంది కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లే. పెద్ద ప్రాంగణంలో ఇలాంటి భవనాలు అనేకం ఉండొచ్చు, అప్పుడు ఉద్యోగాలూ పెరుగుతాయి. అయినా ఊరి పిల్లలందరికీ సరిపోవు. శంకుస్థాపన రోజు చెప్పే వేల ఉద్యోగాల్లో కట్టే పనులు ఎన్ని, నడిపే పనులు ఎన్ని అని విడదీసి అడగండి.

ఇక ఆ ఏఐ కోర్సు. నాకు అసలు కోపం దాని మీదే. కొన్ని నెలల్లో ఏఐ నిపుణులను చేస్తామనే కోర్సుల్లో చాలావాటిలో నేర్పేది, తయారుగా ఉన్న టూల్‌ను ఎలా వాడాలన్నదే. వచ్చే ఏడాదికి ఆ టూల్ మారిపోతుంది. మారనివి లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్, మంచి ప్రోగ్రామింగ్. వాటికి ఏళ్లు పడుతుంది. కొత్తగా చేరినవాళ్లకు ఇచ్చే చిన్న చిన్న కోడింగ్ పనులను ఇప్పుడు ఏఐ టూల్సే చాలావరకు చేసేస్తున్నాయి. అంటే మిడిమిడి జ్ఞానంతో వెళ్లేవాళ్లకే ముందు తలుపు మూసుకుంటుంది. గణితమంటే ప్రాణం పెట్టే పిల్లలు, తమంతట తాముగా ఈ దారి కోరుకున్నవాళ్లు తప్పకుండా వెళ్లాలి. అలాంటివాళ్లను నేనే ప్రోత్సహిస్తాను. ఇష్టం లేని అమ్మాయిని, ఊరికి దగ్గర్లో ఒక భవనం లేస్తోందన్న కారణంతో అందులోకి నెట్టడం మాత్రం నాకు మింగుడు పడటం లేదు. ఉద్యోగం ఖాయమన్నవాళ్లను, ఆ డేటా సెంటర్ కంపెనీతో రాతపూర్వక ఒప్పందం చూపించమని అడిగారా? అడగకుండానే వాయిదా ఎలా కట్టారు? రెండేళ్లుగా చదువుతున్న కూతురి మాట కన్నా ముక్కూమొహం తెలియనివాళ్ల మాట మీకు ఎక్కువైందా?

నీళ్ల విషయంలో అమ్మాయిది మొండి వాదన కాదు. అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రంలోని ది డాల్స్ అనే చిన్న పట్టణంలో 2021లో గూగుల్ డేటా సెంటర్లు పట్టణం వాడిన నీటిలో నాలుగో వంతుకు పైగా వాడాయి. ఆ లెక్క జనానికి తెలియడానికి కోర్టు గొడవ దాకా వెళ్లాల్సివచ్చింది. నీటిని ఆవిరి చేసి చల్లార్చే పద్ధతిలో కరెంటు ఆదా అవుతుంది గానీ నీళ్లు ఖర్చవుతాయి. నీటిని మూసిన గొట్టాల్లోనే తిప్పి, వేడిని గాలిలోకి వదిలే పద్ధతిలో నీళ్లు మిగులుతాయి గానీ కరెంటు ఎక్కువ కావాలి. మీ దగ్గర ఏ పద్ధతి పెడుతున్నారో, నీళ్లు ఎక్కడి నుంచి తెస్తున్నారో అడిగే హక్కు అమ్మాయికి ఉంది. కరెంటు సంగతీ చిన్నది కాదు. ఐర్లండ్‌లో 2015లో మొత్తం వినియోగంలో 5 శాతంగా ఉన్న డేటా సెంటర్ల వాటా 2023 నాటికి 21 శాతానికి చేరింది.

లాభాలు లేవని కాదు. వర్జీనియాలోని లౌడన్ కౌంటీకి (మన జిల్లా లాంటిది) డేటా సెంటర్ల పరికరాల మీద వచ్చే పన్ను పెద్ద ఆదాయం. దాంతో ఇళ్ల యజమానుల మీద పన్ను భారం తగ్గింది. అంటే ఊరికి నిలకడగా మేలు జరిగేది ఉద్యోగాల కన్నా పన్నుల వల్లే ఎక్కువ, అదీ మినహాయింపుల పేరుతో ఆ పన్నును ముందే వదులుకోకపోతే. అదే లౌడన్ 2025లో, కొత్త డేటా సెంటర్ ఏదైనా బహిరంగ విచారణ జరిపాకే అనుమతించాలని నిబంధన మార్చుకుంది.

పోల్చి చెప్పమన్నారు కాబట్టి ఒక్క మాట. మీ అమ్మాయికి ఎలక్ట్రికలే మేలు. ఈ సెంటర్ వచ్చినా రాకపోయినా సబ్‌స్టేషన్లు, ఆసుపత్రులు, ఫ్యాక్టరీలు, సోలార్ ప్లాంట్లు అన్నిచోట్లా ఆ చదువుకు పని ఉంటుంది. ఏఐ మీద ఆసక్తి పుడితే పైథాన్, స్టాటిస్టిక్స్ పక్కన నేర్చుకోవచ్చు. అందుకు డిగ్రీ మానక్కర్లేదు.

కళ్ల ముందు ఉండాలన్న ఆశ గురించి కూడా చెప్పాలి. ఆ ఉద్యోగం వచ్చినా రాత్రి షిఫ్టులు ఉంటాయి, పండగ రోజూ డ్యూటీ పడుతుంది, ఇంకో ఊరి సెంటర్‌కు బదిలీ కావచ్చు. చేతిలో గట్టి విద్య ఉంటే ఎక్కడ ఉండాలో తేల్చుకునే వీలు ఆమెకే ఉంటుంది. దగ్గర ఉండాలనుకుంటే ఉంటుంది, వెళ్లినా మీకు దూరం కాదు. ఆమె గురించి టెన్షన్ పడకండి. తనకేం కావాలో తెలిసిన పిల్లలా ఉంది.

రెండో వాయిదా కట్టకండి. మొదటిది వెనక్కి ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి, రసీదు జాగ్రత్త చేసుకోండి. మూడో సంవత్సరం సెలవుల్లో ఆ సెంటర్ నిర్మాణంలో కరెంటు పనులు చేస్తున్న కాంట్రాక్టరు దగ్గర ఇంటర్న్‌షిప్ దొరుకుతుందేమో అమ్మాయిని కనుక్కోమనండి. ఆ సెంటర్ పనులు ఎక్కువగా ఇప్పుడు ఉన్నది ఆ నిర్మాణంలోనే. ఊళ్లో ప్రజాభిప్రాయ సేకరణ సభ పెడితే నీళ్ల లెక్క అడగడానికి తనను వెళ్లనివ్వండి. వీలైతే మీరూ వెళ్లండి.