పుష్కిన్ పుట్టినరోజు: మే 26, జూన్ 6, మీ లెక్కలో జూన్ 8 ఎందుకు?

రష్యన్ కవి పుష్కిన్ పుట్టినరోజు మీ పట్టికలో జూన్ 8గా ఎందుకు వచ్చిందని అడిగారు. మీరు పాత తేదీకి 13 రోజులు కలిపారు, పొరపాటు అదే. మే 26 జూలియన్ (రష్యాలో అప్పట్లో వాడిన పాత) క్యాలెండర్ తేదీ, జూన్ 6 గ్రెగోరియన్ (ఇప్పుడు మనం వాడే) తేదీ. రెండూ సరైనవే.

చాలామంది మరిచిపోయేది ఒకటుంది: కలపాల్సిన రోజులు శతాబ్దాన్ని బట్టి మారతాయి. 1700, 1800, 1900 జూలియన్‌లో లీపు సంవత్సరాలు, గ్రెగోరియన్‌లో కావు. అందుకే ప్రతిసారీ తేడా ఒకరోజు పెరిగింది.

1. ముందు సంవత్సరం చూడండి. పుష్కిన్ పుట్టింది 1799లో, కాబట్టి 11 రోజులే: మే 26 జూన్ 6 అవుతుంది.
2. 1800 మార్చి నుంచి 12 కలపండి.
3. 1900 మార్చి నుంచి 13. సైబీరియాలో తుంగుస్కా పేలుడు పాత లెక్కలో 1908 జూన్ 17న, అంటే కొత్త లెక్కలో జూన్ 30.
4. రష్యా 1918 ఫిబ్రవరిలో కొత్త క్యాలెండర్‌కు మారింది. ఆ తర్వాతి తేదీలకు ఏమీ కలపొద్దు.

పట్టికలో పాత తేదీని బ్రాకెట్లో ఉంచండి, దయచేసి తీసేయకండి.