లెక్కల పేపరు జర్నల్‌కి పంపే ముందు

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్కారం. విజయవాడ దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో మ్యాథ్స్ చెబుతున్నాను. గ్రాఫ్ లేబెలింగ్‌లో పని చేస్తున్నాను. ఒక రకం ట్రీలన్నింటికీ గ్రేస్‌ఫుల్ లేబెలింగ్ ఉంటుందని నిరూపించాను. వర్డ్‌లో 9 పేజీలు వచ్చింది. ఇంతవరకు ఏ జర్నల్‌కీ పంపిన అనుభవం లేదు. అప్రైజల్ లోపు పబ్లికేషన్ చూపించమని కాలేజీలో ఒత్తిడి. డబ్బు కడితే పది రోజుల్లో వేసే జర్నల్ ఉందని తోటి లెక్చరర్ అంటోంది. మా హెచ్‌ఓడీ గారేమో తన పేరు ముందు పెట్టమంటున్నారు. పేపరు ఎలా తయారు చేయాలి, ఎక్కడికి పంపాలి?
– ఒక అధ్యాపకురాలు, పటమట

జవాబు: అమ్మా, ముందుగా డబ్బు విషయం. కట్టకండి. గణితంలో పేరున్న జర్నళ్లలో చాలావరకు రచయిత దగ్గర పైసా తీసుకోవు. పెద్ద ప్రచురణ సంస్థలు ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదివేలా పెట్టడం) కావాలా అని అడిగి దానికి రుసుము చెబుతాయి. చందాలతో నడిచే జర్నల్ అయితే వద్దనవచ్చు, పేపరు తీసుకోవడానికీ దానికీ సంబంధం ఉండదు. పది రోజుల్లో వేస్తామనే చోట మీ నిరూపణను ఎవరూ చదవరు. లేబెలింగ్ నిరూపణని కేసు కేసుగా సరిచూడాలంటే విషయం తెలిసిన మనిషికే రోజులు పడుతుంది. అలాంటి మనిషిని ఒప్పించడానికి ఎడిటర్‌కి వారాలు పడుతుంది. నన్ను ఎక్కువ బాధపెట్టేది మరొకటి. అక్కడ ఒకసారి అచ్చయిన ఫలితాన్ని మళ్లీ మంచి జర్నల్‌కి పంపడం కుదరదు, ఇదివరకే ప్రచురితమైందని తిప్పి పంపేస్తారు. ఇంటిపని, కాలేజీ పని అయ్యాక రాత్రిళ్లు కూర్చుని మీరు సాధించిన సిద్ధాంతం ఎవరూ తెరవని చోట ఉండిపోతుంది. మన విజయవాడ, గుంటూరు కాలేజీల్లో నిజంగా పనిచేసే పిల్లలు తమ మొదటి ఫలితాన్ని ఇలా పోగొట్టుకోవడం చూస్తూనే ఉన్నాను. మీరు ఆ వరుసలో చేరవద్దు.

‘యూజీసీ లిస్టులో ఉంది మేడమ్’ అని మీ స్నేహితురాలు అనవచ్చు. ఆమోదించిన జర్నళ్ల యూజీసీ కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో ఆపేశారు. మంచి జర్నల్ ఏదో తేల్చుకునే బాధ్యత ఇప్పుడు సంస్థల మీద, మన మీద ఉంది. ఒక జర్నల్ గురించి అనుమానం వస్తే గణిత పేపర్ల సూచిక జెడ్‌బీమ్యాథ్ ఓపెన్‌లో (zbMATH Open) వెతకండి, 2021 నుంచి అందరికీ ఉచితం. అందులో ఆ జర్నల్ పేపర్లు కనిపిస్తున్నాయా, దాని ఎడిటర్లు తమ యూనివర్సిటీ పేజీల్లో ఆ పని గురించి చెప్పుకున్నారా అని చూడండి. పేరున్న జర్నళ్ల పేర్లతో నకిలీ సైట్లు కూడా నడుస్తున్నాయి కాబట్టి చిరునామా కూడా సరిచూసుకోవాలి.

ఇక అసలు సంగతి: మీ ఫలితం కొత్తదేనా? దీని మీదే ఎక్కువ సమయం పెట్టండి.

ఈ శీర్షిక చదివే ఇతరుల కోసం రెండు మాటలు. గ్రాఫ్ అంటే కొన్ని చుక్కలు (వెర్టెక్సులు), వాటిని కలిపే గీతలు (ఎడ్జ్‌లు). అంతా కలిసి ఉండి, చుట్టూ తిరిగి వచ్చే దారి లేని గ్రాఫ్ ట్రీ. ఒక గ్రాఫ్‌కి ఎం ఎడ్జ్‌లు ఉంటే, వెర్టెక్సులకు 0 నుంచి ఎం వరకు ఉన్న సంఖ్యల్లోంచి వేర్వేరు సంఖ్యలు ఇవ్వాలి. ప్రతి ఎడ్జ్ మీద దాని రెండు కొసల సంఖ్యల తేడా రాస్తే 1 నుంచి ఎం వరకు ఒక్కొక్కటి ఒక్కసారే రావాలి. అలా వస్తే అది గ్రేస్‌ఫుల్. ఈ లేబెలింగ్‌ని అలెగ్జాండర్ రోసా 1967లో ప్రవేశపెట్టారు, ఆ పేరు తర్వాత వచ్చింది. ట్రీలన్నీ గ్రేస్‌ఫుల్ అవుతాయా అన్న ప్రశ్న ఇప్పటికీ తేలలేదు.

మీ ట్రీలోంచి ఆకులన్నీ, అంటే ఒకే ఎడ్జ్ ఉన్న వెర్టెక్సులన్నీ తీసేయండి. మిగిలింది ఒకే దారి అయితే అది కాటర్‌పిల్లర్. కాటర్‌పిల్లర్లన్నీ గ్రేస్‌ఫుల్ అని రోసాయే చూపించారు, మీరు ఎంత కొత్త పేరు పెట్టినా అది 1967 నాటి ఫలితమే. ఆకులు తీసేస్తే కాటర్‌పిల్లర్ మిగిలితే అది లాబ్‌స్టర్. లాబ్‌స్టర్లన్నింటికీ ఇంకా నిరూపణ లేదు, మీ ట్రీలు ఆ కోవకి వస్తే మంచి చోటే ఉన్నారు. డయామీటర్ (రెండు వెర్టెక్సుల మధ్య ఉండే అత్యధిక దూరం, ఎడ్జ్‌ల లెక్కన) 5 దాకా ఉన్న ట్రీల సంగతి 2001లో తేలిపోయింది. ఎలక్ట్రానిక్ జర్నల్ ఆఫ్ కాంబినటోరిక్స్‌లో జోసెఫ్ గాలియన్ 1998 నుంచి కొత్త ఫలితాలు చేరుస్తూ వస్తున్న లేబెలింగ్ సర్వే ఉంది, ఉచితంగా చదువుకోవచ్చు. అందులో ట్రీల భాగం మొత్తం, పక్కన కాగితం పెట్టుకుని చదవండి. మీ ఫలితం అక్కడున్న దేనికైనా ప్రత్యేక సందర్భం అవుతుందా అన్నది రెఫరీ (జర్నల్ తరఫున పేపరును సరిచూసే నిపుణుడు) కంటే ముందు మీకు తెలియాలి.

కొత్తదే అని తేలితే అప్పుడు రాయడం. రెఫరీ మీకు తెలియని మనిషి, జీతం లేకుండా చదువుతారు, ఆయనకీ క్లాసులుంటాయి. ఇంట్రడక్షన్ చదివేసరికే సగం అభిప్రాయం ఏర్పడుతుంది. మన వైపు నుంచి వచ్చే పేపర్లను రెఫరీగా చదివినప్పుడు పదేపదే కనిపించేది ఒకటే: మొదటి పేజీ అంతా కోనిగ్స్‌బర్గ్ వంతెనలు, 1736లో ఆయిలర్, గ్రాఫ్ థియరీకి నెట్‌వర్క్‌లలో ఉపయోగాలు. రెండో పేజీ నిండా నిర్వచనాలు. అసలు సిద్ధాంతం నాలుగో పేజీలో ఎక్కడో. ఆ మొదటి పేజీ మొత్తం కొట్టేయండి. సమస్య ఏమిటో నాలుగు వాక్యాల్లో చెప్పండి. ఎవరు, ఏ సంవత్సరంలో, ఎంతవరకు చేశారో చెప్పండి. వెంటనే మీ సిద్ధాంతాన్ని పూర్తి షరతులతో థీరమ్ 1.1గా పెట్టండి. పాత పద్ధతి మీ ట్రీల దగ్గర ఎందుకు ఆగిపోయింది, మీరు దాన్ని ఎలా దాటారు అన్నది ఒక పేరా రాయండి. ఈ పేరా చాలామంది రాయరు. ఎడిటర్ వెతికేది మాత్రం దాని కోసమే. ఆ పేరా రాయలేకపోతున్నారంటే పేపరు ఇంకా పంపే స్థితికి రాలేదని నేను అనుకుంటాను.

నిరూపణలో లేబెలింగ్ ఫార్ములా పట్టిక ఇచ్చి ‘ఇది గ్రేస్‌ఫుల్ అని స్పష్టం’ అని ముగించేస్తుంటారు. రెఫరీకి కావలసింది అక్కడే మొదలవుతుంది. వెర్టెక్స్ లేబుళ్లు ఎందుకు కలవవు, ఎడ్జ్ తేడాల్లో ఒక్కటి కూడా ఎందుకు తప్పిపోదు, ఈ రెండూ విడివిడిగా రాయండి. బొమ్మ ఒకటి పెట్టండి. మరీ చిన్న ట్రీ తీసుకోకండి, మీ కేసులన్నీ కనిపించేటంత పెద్దది తీసుకోండి. ‘స్పష్టంగా’, ‘సులభంగా చూడవచ్చు’ అన్న చోటల్లా కారణం ఒక వాక్యంలో రాసి చూడండి. వాక్యం కుదరని చోట నిరూపణలో ఖాళీ ఉండే అవకాశం ఎక్కువ. రామానుజన్ మొదటి పేపరు బెర్నూలీ సంఖ్యల మీద, 1911లో ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ జర్నల్‌లో వచ్చింది. రాత మరీ క్లుప్తంగా ఉండి మామూలు పాఠకుడికి అందదని ఎడిటర్ దాన్ని మార్పుల కోసం తిప్పి పంపారు. అంతటి వాడి చేతే తిరగరాయించారు కాబట్టి, రెఫరీ మీచేత రాయిస్తే చిన్నబుచ్చుకోకండి.

వర్డ్ ఫైలు వదిలేసి, గణిత పేపర్లు టైపు చేసే లేటెక్‌లోకి (LaTeX) మారండి. గవర్నర్‌పేటలోనో, గుంటూరు అరండల్‌పేటలోనో డీటీపీ వాళ్లకి ఇచ్చి టైపు చేయించుకుందామని చూడకండి. థీసిస్‌లు వాళ్లు చక్కగానే చేస్తారు. కానీ జర్నల్ పేపరు రెఫరీ రిపోర్టు వచ్చాక మళ్లీ మళ్లీ మారుతుంది, ఒక్క సబ్‌స్క్రిప్ట్ తప్పు పడినా సిద్ధాంతమే మారిపోతుంది. ఓవర్‌లీఫ్‌లో బ్రౌజర్‌లోనే ఉచితంగా నేర్చుకోవచ్చు. ఏఎంఎస్‌ఆర్ట్ (amsart) అనే క్లాస్ ఫైలుతో మొదలుపెట్టండి. థీరమ్‌ల నంబర్లు చేత్తో వేయకుండా లేబుల్ పెట్టి పిలిస్తే, మధ్యలో ఒక లెమ్మా (సహాయక ఫలితం) చేర్చినా నంబర్లు వాటంతట అవే సర్దుకుంటాయి.

గణిత విషయాలకు కోడ్‌లిచ్చే 2020 సబ్జెక్ట్ క్లాసిఫికేషన్‌లో మీ విషయం కోడ్ 05సీ78 (05C78). పేపరు మీద అది రాయాలి. ఎక్కడికి పంపాలో కూడా ఆ కోడే చెబుతుంది. దాన్ని జెడ్‌బీమ్యాథ్‌లో వెతికితే ఈమధ్య లేబెలింగ్ పేపర్లు ఏయే జర్నళ్లు వేశాయో కనిపిస్తుంది. మీ రిఫరెన్సుల్లో రెండు మూడుసార్లు వచ్చిన జర్నల్ ఉంటే ముందు దాన్నే చూడండి. ఎలక్ట్రానిక్ జర్నల్ ఆఫ్ కాంబినటోరిక్స్ ఎవరి దగ్గరా డబ్బు తీసుకోదు, కానీ అక్కడ పోటీ ఎక్కువ. మన ఇండియన్ జర్నల్ ఆఫ్ ప్యూర్ అండ్ అప్లైడ్ మ్యాథమెటిక్స్ లాంటివి ఉన్నాయి. భారతీయ జర్నల్ అంటే చిన్నచూపు వద్దు. మన నూజివీడులో, నందిగామలో బళ్లో చదువుకున్న గణాంకవేత్త సి.ఆర్.రావు గారి 1945 నాటి పేపరు, గణాంకశాస్త్రంలోని క్రామర్–రావు హద్దు ఉన్నది, కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లోనే అచ్చయింది. ప్రపంచం అక్కడికే వెళ్లి చదువుకుంది.

మీ హెచ్‌ఓడీ గారి విషయం సున్నితం, ఉద్యోగం ఆయన కిందే కదా. ఆలోచనలోనో నిరూపణలోనో ఆయన పాలు ఉంటే ఆయన సహరచయితే. ప్రోత్సహించారు, సెలవిచ్చారు అంటే చివర కృతజ్ఞతల్లో పేరు రాయాలి. రచయితగా మాత్రం వద్దు. ఇక ‘ముందు పేరు’ అన్నదానికి గణితంలో అర్థమే లేదు. పేర్లు అక్షరక్రమంలో వేస్తారు. అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ 2004లో దీని మీద ఒక ప్రకటన కూడా ఇచ్చింది, ఫస్ట్ ఆథర్‌కి ఎక్కువ పాయింట్లు వేసే కమిటీకి దాన్ని ప్రింటు తీసి ఇవ్వవచ్చు. ఆయనతో నెమ్మదిగా ఇలా అనండి: “సార్, ఒక్కొక్కరు ఏం చేశారో జర్నల్ వాళ్లు అడగవచ్చు. రెఫరీ ప్రశ్నలు వేస్తే మీరూ జవాబు చెప్పాల్సి వస్తుంది.” చాలాసార్లు ఈ మాటతో సర్దుకుంటుంది.

మిగిలినవి చిన్నవి. కవర్ లెటర్ ఐదారు వాక్యాలు చాలు. ఏం నిరూపించారో చెప్పండి, మరెక్కడా పరిశీలనలో లేదని రాయండి. ఒకేసారి రెండు జర్నళ్లకి పంపడం పెద్ద తప్పు. ముందుగా, అచ్చుకు ముందే పేపర్లను ఉచితంగా ఉంచే ఆర్కైవ్ (arXiv) సైట్‌లో పెట్టుకోండి, చాలా గణిత జర్నళ్లు అభ్యంతరం చెప్పవు, మీ ఫలితానికి తేదీ పడుతుంది. మొదటిసారి పెట్టేవాళ్లకి అక్కడ ఇదివరకే పేపర్లున్న ఒకరి ఎండార్స్‌మెంట్ (సిఫారసు) అవసరం కావచ్చు. ఇంగ్లీషు దిద్దుకోవడానికి ఏఐ వాడితే జర్నల్ నియమాలు చూసి ఆ సంగతి రాయండి. రిఫరెన్సులు మాత్రం దానిచేత రాయించకండి, లేని పేపర్లు పుట్టిస్తుంది.

ప్రశ్న: హైస్కూల్లో లెక్కల మాస్టారుగా రిటైరయ్యాను. ఫెర్మా చివరి సిద్ధాంతానికి (ఘాతం n 2 కన్నా పెద్దదైతే xⁿ + yⁿ = zⁿ కి ధన పూర్ణసంఖ్యల్లో పరిష్కారం లేదన్నది) హైస్కూలు ఆల్జీబ్రాతో నాలుగు పేజీల నిరూపణ రాసి నోటరీ కూడా చేయించాను. విదేశీ జర్నళ్లకి పంపితే జవాబే లేదు. చిన్న ఊరివాళ్లని చదవరా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మాస్టారూ, ఇన్నేళ్ల తర్వాత కూడా మీరు కాగితం, కలం పట్టుకుని కూర్చున్నందుకు సంతోషం. ఊరి సంగతి అలా ఉంచండి. యితాంగ్ ఝాంగ్ 2013లో పేపరు పంపేనాటికి అమెరికాలో పెద్దగా పేరులేని లెక్చరర్. ప్రైమ్ సంఖ్యల మధ్య దూరాల మీద ఆయన పంపిన పేపర్ని ఆనల్స్ ఆఫ్ మ్యాథమెటిక్స్ చదివించి, కొద్ది వారాల్లోనే తీసుకుంది. పాత పనినంతా క్షుణ్ణంగా తెలుసుకుని, దాని మీద తాను వేసిన అడుగేమిటో ఆయన చూపించారు.

మీ నాలుగు పేజీలకి రెండు పరీక్షలు పెట్టండి. ఘాతం 2 వేసి ప్రతి వాక్యం మళ్లీ చదవండి. 3² + 4² = 5² ఉంది కాబట్టి ఎక్కడో ఒక వాక్యం చెల్లకుండా పోవాలి. అన్నీ చెల్లితే నిరూపణ తప్పు. తర్వాత, పూర్ణసంఖ్యలు అన్న విషయాన్ని ఏ వాక్యంలో వాడుకున్నారో గుర్తు పెట్టండి. వాస్తవ సంఖ్యల్లో పరిష్కారాలు కోకొల్లలు, అందుకని ఎక్కడా వాడుకోకపోతే అదీ తప్పే. 1847లో ఫ్రెంచి గణితవేత్త లామే అంతటివాడు పారిస్ అకాడమీలో నిరూపణ దొరికిందని ప్రకటిస్తే, కారణాంక విభజన ఒకే విధంగా వస్తుందని ఆయన ఊహించుకున్నది అన్నిచోట్లా నిలవదని తేలింది. చివరికి దీన్ని నిరూపించిన వైల్స్ 1993లో ప్రకటించిన దానిలోనూ పరిశీలనలో ఖాళీ బయటపడింది. టేలర్‌తో కలిసి దాన్ని పూడ్చుకున్నాక 1995లో అచ్చయింది. నోటరీ ముద్ర తేదీకి సాక్ష్యం, నిరూపణకి కాదండీ.

మీరు పిల్లలకి పాఠం చెప్పిన మనిషి. ఘాతం 4కి ఫెర్మా స్వయంగా ఇచ్చిన అవరోహణ పద్ధతి (ఒక పరిష్కారం ఉంటే అంతకన్నా చిన్నది, ఇలా అంతులేకుండా రావాలని చూపి, అది అసాధ్యమని తేల్చడం) పదో తరగతి దాటిన పిల్లలకి అర్థమయ్యేలా రాయండి. అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీ వాళ్ల ‘అట్ రైట్ యాంగిల్స్’ బడి గణితం కోసమే వచ్చే పత్రిక, అలాంటి రచనకి అది సరైన చోటు. మీలాంటి వారు రాస్తే నేనూ చదువుతాను.

ప్రశ్న: పేపరు పంపి ఏడు నెలలైంది. ఇంకా ‘అండర్ రివ్యూ’ అనే ఉంది. వేరే జర్నల్‌కి పంపేయనా?
– ఒక రీసెర్చ్ స్కాలర్, నాగార్జున నగర్

జవాబు: పంపకు బాబూ. గణితంలో ఏడు నెలలు మామూలే, ఏడాది దాటినవీ ఉంటాయి. ఆరు నెలలు దాటింది కాబట్టి ఎడిటర్‌కి ఒక మెయిల్ రాయవచ్చు: మాన్యుస్క్రిప్ట్ నంబరు, పంపిన తేదీ, పరిస్థితి తెలపమని ఒక మర్యాదైన వాక్యం. అంతకు మించి వద్దు. వేరే చోటికి మార్చాలనే ఉంటే ముందు విత్‌డ్రా చేస్తున్నానని రాసి, వాళ్ల జవాబు వచ్చాకే పంపు.

రిపోర్టు వచ్చి ‘మేజర్ రివిజన్’ అని ఉంటే దాన్ని తిరస్కారం అనుకోకు. రెఫరీ రాసిన ప్రతి మాటకీ కింద నీ జవాబు, ఏ పేజీలో ఏం మార్చావో రాసి పంపాలి. ఆయన పొరబడ్డారని అనిపించిన చోట కూడా నీ వాక్యం తిరగరాయి, మరో పాఠకుడూ అక్కడే పొరబడవచ్చు. ఆయన అడిగింది నిజంగా కుదరకపోతే ఎందుకు కుదరదో కారణం చూపించి చెప్పు, ఎడిటర్లు ఒప్పుకుంటారు. గడువు సరిపోదనిపిస్తే, అది దాటకముందే ఇంకో నెల అడుగు.