సర్పంచ్‌గా నిలబడమంటున్నారు. ఊరికి ఏమైనా చేయగలనా? ఇల్లు ఏమవుతుంది?

మీ ఊరు ఈసారి మహిళలకు రిజర్వ్ అయిందని, ఇద్దరు చిన్నపిల్లలతో నిలబడాలా వద్దా అని అడిగారు. నేను 2019 జనవరి ఎన్నికల్లో గెలిచి ఐదేళ్లు ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఒక చిన్న ఊరికి సర్పంచ్‌గా చేశాను. గెలిచేనాటికి మా బాబు రెండో తరగతి, పాప అంగన్‌వాడీకి పోయేది. కాబట్టి నాకు ఎదురైంది చెప్తాను.

ముందు కుర్చీ సంగతి. మొదటి సమావేశం రోజు మా ఆయన నాతోపాటు వచ్చి నేరుగా సర్పంచ్ కుర్చీలో కూర్చున్నారు. చెడ్డమనిషేం కాదు. ప్రచారంలో ఇల్లిల్లూ తిరిగింది ఆయనే, ఖర్చు పెట్టిందీ ఆయనే, ఆ ఊపులో కూర్చున్నారంతే. కార్యదర్శి తీర్మానాల పుస్తకం తెచ్చి ఆయన ముందే పెట్టాడు. నేను గోడ పక్కన నిలబడి ఉన్నాను. ఏమనాలో నాకు తోచలేదు. చివరికి వార్డు మెంబరు ఒకామె "వదినా, నువ్వు కూర్చోవేంది?" అంది. అప్పుడు ఆయనకు వెలిగింది. లేచి బయటికి పోయి అందరికీ టీ తెప్పించారు. ఆ రోజు లేవకపోతే ఐదేళ్లూ లేచేవారు కాదనుకుంటా. అందుకే నామినేషన్ వేయకముందే ఇంట్లో ఈ మాట తేల్చుకోండి: సంతకం పెట్టేది మీరే, పెట్టేముందు చదివేదీ మీరే.

ఇక ఏం చేయగలం అంటే, డబ్బుతో చేసేది మీరనుకున్నంత ఉండదు. మా కాలంలో కేంద్రం ఇచ్చే 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే ఖర్చుపెట్టాలి. మిగతా దాంట్లోనే మన ఇష్టం. పైగా తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టంలో చెక్కు మీద ఉపసర్పంచ్ సంతకం కూడా ఉండాలని పెట్టారు. మా ఉపసర్పంచ్ ఎదుటి వర్గం మనిషి. ఒక్కో సంతకం కోసం ఆయన చేను దాకా పోయిన రోజులున్నాయి. ఆరు నెలలయ్యాక తెలివి తెచ్చుకుని, ఆయన వార్డులో మోరీ ముందు తీయించాను. ఆ తర్వాత చెక్కులు ఆగలేదు. దీన్ని రాజకీయం అంటారేమో, నాకైతే తోటికోడళ్ల మధ్య సర్దుబాటులాగే అనిపించింది.

నిజమైన బలం ఇంకోచోట ఉంది. సర్పంచ్ అయ్యాక మీరు బడికో, అంగన్‌వాడీకో, ఆరోగ్య సబ్‌సెంటర్‌కో వెళ్లి కూర్చుని "రిజిస్టర్ ఒకసారి చూపించండి" అంటే ఎవరూ "నువ్వెవరు" అనరు. నేను ఆ ఒక్క మాటనే ఐదేళ్లు వాడుకున్నాను.

పాపను తేవడానికి పోయిన ఒక మధ్యాహ్నం మా అంగన్‌వాడీ రిజిస్టర్ చూశాను. గర్భిణులు, బాలింతలు కలిపి 14 పేర్లు. కూర్చుని తింటున్నది నలుగురు. ఆరోగ్యలక్ష్మి పథకం కింద వాళ్లకు రోజూ ఒక పూట నిండు భోజనం పెట్టాలి: అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. సెంటర్లోనే తినాలి, ఎందుకంటే ఇంటికి పోతే అందరికీ పంచుతారు. నాకు మొదట టీచర్ మీదే అనుమానం వచ్చింది. తప్పు నాది. పత్తి ఏరే రోజులు కదా, కూలీ కిలోల లెక్క. మధ్యాహ్నం చేను వదిలి వస్తే ఏరే పత్తి తగ్గుతుంది, ఆ మేరకు కూలీ పోతుంది. ఏ కోడలు వస్తుంది? టీచర్‌ని బతిమాలి ఆ రెండు నెలలు తొమ్మిదిన్నరకే వండించాను. చేనుకు పోయేముందు తిని పోయారు. నలుగురు తొమ్మిదిమంది అయ్యారు.

మిగతా ఐదుగురికి అడ్డం అత్తలు. "మేం ఇవన్నీ తిని కన్నామా?" అనేది వాళ్ల మాట. ఎంత చెప్పినా చెవిన పడలేదు. టీకాల రోజు ఏఎన్ఎమ్మమ్మ వచ్చినప్పుడు నాకో ఉపాయం తట్టింది. కోడళ్లతోపాటు అత్తలకూ వేలు గుచ్చి రక్తంలో హిమోగ్లోబిన్ ఎంతుందో చూడమన్నాను. ఒకామె కోడలికి 9.2 వచ్చింది, ఆ అత్తకు 8.4. "గర్భిణికి 11 అన్నా ఉండాలమ్మా, నీకు 12 ఉండాలి, నువ్వు కోడలికంటే అధ్వానంగా ఉన్నావు" అని ఏఎన్ఎమ్మమ్మ గట్టిగానే అంది. చెట్టు కింద కూర్చున్న ఆడవాళ్లంతా నవ్వారు. ఆమె కాసేపు వేలు నొక్కుకుంటూ ఊరుకుని, "అందుకేనా మెట్లెక్కితే ఆయాసం" అంది. తర్వాతి వారం కోడలిని తనే వెంటబెట్టుకొచ్చింది. అక్కడ కూర్చుని, ఆ పిల్ల పాలగ్లాసు ఖాళీ చేసేదాకా లేవలేదు. నా ఐదేళ్లలో నాకు బాగా గుర్తుండే పని ఇదే. పైసా ఖర్చు లేదు, శిలాఫలకం లేదు.

నీళ్ల ట్యాంకు సంగతీ అంతే. మా బాబుకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాకే నాకు ట్యాంకు గుర్తొచ్చింది, సిగ్గుపడే మాటే. అప్పటినుంచి నెలకు మూడుసార్లు, 1, 11, 21 తేదీల్లో కడిగించి, కడిగిన తేదీ ట్యాంకు మీద రాయించాను. తేదీ రాయకపోతే జనమే అడిగేవాళ్లు.

చేయలేకపోయిందీ చెప్పాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లకు ఏ పదవీ లేదు. అయినా వాళ్ల ఊరి సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. నాకు పదవి ఉండి కూడా మా ఊరి బెల్టుషాపు రెండుసార్లు మూతపడి రెండుసార్లు తెరుచుకుంది, రెండోసారి కిరాణా కొట్టు వెనక గదిలో. ఊరి ఆడవాళ్లు వెంట నిలబడనిదే సర్పంచ్ ఒక్కత్తి వల్ల అయ్యే పని కాదది.

ఇల్లు విషయం. సర్పంచ్ ఇల్లంటే చలివేంద్రమే. పొద్దున ఐదున్నరకే తలుపు కొడతారు. నల్లా రాలేదని, పింఛన్ పడలేదని, అన్నదమ్ములకు గట్టు తగాదా అని. మొదటి సంవత్సరం బాబు బళ్లో పేరెంట్స్ మీటింగ్ ఒక్కదానికీ పోలేదు. ఊరి బడిలో హాజరు పట్టిక తనిఖీ చేసి వచ్చి, ఇంట్లో వాడి నోటుబుక్కు చూడలేదు! ఒకరోజు వాడే "అమ్మా, నేనూ ఏదైనా దరఖాస్తు రాయాలా?" అన్నాడు. నవ్వుకుంటూనే అన్నాడు గానీ నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. మర్నాటినుంచి రాత్రి ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా ఫోన్ మా అత్తమ్మ చేతిలో పెట్టాను. ఎవరైనా చనిపోయినా, ఆసుపత్రికి తీసుకుపోవాల్సి వచ్చినా పిలువు, మిగతావన్నీ రేపు అని చెప్పాను. ఆమె నాకంటే గట్టిది. వారంలో ఊరికి అలవాటైపోయింది.

డబ్బు దగ్గర మాత్రం ఏమారకండి. గౌరవ వేతనం మొదట నెలకు 5,000, తర్వాత 6,500. అది టీపొడికీ పెట్రోలుకే సరిపోదు. ఒకసారి వానాకాలం ముందు మోరీల పని ఆగకూడదని రెండు రూపాయల వడ్డీకి 60,000 తెచ్చి చేయించాను. ఆ బిల్లు చేతికి రావడానికి పదమూడు నెలలు పట్టింది. వడ్డీ నా పుస్తెలతాడు మీద పడింది. మళ్లీ ఆ పని చేయలేదు. నిధి ఖాతాలో కనపడ్డాకే పని మొదలుపెట్టాను. "ఈమె చేతకానిది" అన్నవాళ్లున్నారు, అననిచ్చాను.

మీరు నిలబడాలనే అనుకుంటే, ఈ వారంలోనే కార్యదర్శిని కలిసి పంచాయతీ ఖాతాలో ఎంత ఉంది, పాత బిల్లులు ఎన్ని పెండింగ్‌లో ఉన్నాయి, కరెంటు బకాయి ఎంత, ఈ మూడూ కాగితం మీద రాయించుకోండి. మీ ఆయన్ని వెంట తీసుకుపోవద్దు.