టిష్యూ బ్యాంకు మొదలుపెడుతున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

ఆపరేషన్లలో తీసిన క్యాన్సర్ గడ్డల ముక్కలను పరిశోధనకు దాచే టిష్యూ బ్యాంకు బాధ్యత నీకు అప్పజెప్పారని తెలిసి చాలా సంతోషించానమ్మా. డీప్ ఫ్రీజర్లు ఏ కంపెనీవి కొనాలని అడిగావు. అది తర్వాత చూద్దాం. ముందు ఆపరేషన్ థియేటర్ నుంచి నీ ల్యాబుకు ఎంతసేపు పడుతుందో నడిచి చూసుకో.

గడ్డకు రక్తం ఆగిన క్షణం నుంచే అందులోని ఆర్‌ఎన్‌ఏ, ప్రొటీన్లు మారిపోతుంటాయి. అందుకే గడ్డ తీసిన సమయం, దాన్ని పాడవకుండా ఉంచే ఫార్మాలిన్‌లోనో లిక్విడ్ నైట్రోజన్‌లోనో వేసిన సమయం నిమిషాలతో సహా రాయించు. రొమ్ము క్యాన్సర్‌కు ఏ మందు పనిచేస్తుందో చెప్పే రిసెప్టర్ పరీక్షలకైతే గంటలోపు ఫార్మాలిన్‌లో పడాలి, అందులో 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలకు మించకుండా ఉండాలి. పరిశోధనకు దాచే ముక్కకూ అంతే పట్టింపు కావాలి. ఈ సమయాలు రాసేది థియేటర్ సిస్టర్లు. ఆ అంకెలు ఏ పనికి వస్తున్నాయో వాళ్లకు చెబుతూ ఉండు. ఎప్పుడైనా రాయడం మరిచిపోతే ‘తెలియదు’ అనే రాయించు, అంచనా వేయనివ్వకు.

రోగ నిర్ధారణకు పాథాలజిస్టు తీసుకోగా మిగిలిందే నీది. బయాప్సీలో తీసే చిన్న ముక్కలు పరీక్షకే సరిపోతాయి, వాటి జోలికి పోకు.

అన్నిటికన్నా నాకు పట్టింపు సమ్మతి విషయంలో. ఆపరేషన్ ముందు సాయంత్రం సంతకాల కట్టలో ఇంకో కాగితం కలిపేస్తే అది సమ్మతి కాదు. రెడ్‌హిల్స్ ఎం.ఎన్.జె. లాంటి క్యాన్సర్ ఆసుపత్రికి ఆదిలాబాద్ నుంచీ పాలమూరు నుంచీ వస్తారు, పాతబస్తీ నుంచీ వస్తారు. తెలుగు ఫారంతో పాటు ఉర్దూదీ ఉండాలి. అంతకుమించి, మనిషి పక్కన కూర్చుని చెప్పాలి: “పరీక్షకు పోను మిగిలిన ముక్క దాచి, ముందుముందు పరిశోధనకు వాడతాం. ఇవ్వకపోయినా మీ వైద్యంలో ఏ తేడా రాదు.” దీంతో నా జబ్బు నయమవుతుందా అని అడుగుతారు. అవదనే చెప్పాలి, అది చెప్పడం ఎంత కష్టమైనా. చదువు రానివాళ్లు వేలిముద్ర వేస్తే పక్కన మీ సిబ్బంది కాని సాక్షి ఉండాలి. ఈ జబ్బు పరిశోధనకేనా, దేనికైనా వాడొచ్చా, మళ్లీ సంప్రదించవచ్చా అన్నవి విడివిడిగా అడుగు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నైతిక మార్గదర్శకాలు దగ్గర పెట్టుకో. తర్వాత ఎవరైనా వద్దంటే వాళ్ల ముక్క వెంటనే దొరకాలి. బార్‌కోడ్ అందుకే. పేర్లూ కోడ్‌లూ కలిసే జాబితా మాత్రం వేరే చోట, తాళంలో ఉండాలి.

ఇక ఫ్రీజర్లు. మైనస్ 80 డిగ్రీల యంత్రం గదిలోకి చాలా వేడి వదులుతుంది. మన మే నెల ఎండల్లో ఏసీ ఆగిందంటే యంత్రాలూ మొరాయిస్తాయి. జనరేటర్‌తో పాటు ఏసీకీ ఏర్పాటు చూడు. ఒకటి పాడైతే ముక్కలు మార్చడానికి ఇంకో ఫ్రీజర్ ఖాళీగా, చల్లగా ఉంచు. అలారం రాత్రిళ్లు ఇద్దరి ఫోన్లకు వెళ్లాలి. లిక్విడ్ నైట్రోజన్ గదిలో ఆక్సిజన్ మానిటర్ లేకుండా ఎవరినీ అడుగు పెట్టనివ్వకు. ఆ ఆవిరికి రంగూ వాసనా ఉండవు, ఊపిరి అందట్లేదని తెలిసేలోపే మనిషి పడిపోతాడు.

అడిగినవాళ్లకు ఇవ్వడానికి వెనకాడకు. హబ్సిగూడలోని పరిశోధన సంస్థ సీసీఎంబీ నుంచి అడిగినా, పక్క విభాగం అడిగినా ఎథిక్స్ కమిటీ అనుమతి, రాతపూర్వక ఒప్పందం చూసి ఇవ్వు. పేషెంటు ఇచ్చింది వాడమనే.

సమ్మతి ఫారం చిత్తు రాయగానే నాకు పంపు. ఫ్రీజర్ల కొటేషన్లు ఆ తర్వాత తెప్పిద్దాం.